బెండులో రంగు

అయకూచోలో మా యూదోసియా అత్త
ఊదా మొక్కజొన్న గింజలు వొలిచి
బెండు మాత్రం పారెయ్యదు.
"రంగంతా దీన్లోనే పిల్లా" అంటుంది.
నలభై ఏళ్లు ఉన్ని ముంచి తీసిన చేతులు,
గోళ్ల మొదళ్లలో ఎప్పుడూ మునిమాపే.

అదే బెండుని నేను
యూనివర్సిటీ కింది అంతస్తులో
పొడిచేసి, వడగట్టి, తూచి,
చక్కెర జబ్బు తెప్పించిన ఎలుకల నోట్లో
చుక్కలు చుక్కలుగా వేస్తాను.
పన్నెండు వారాలు.
తర్వాత వాటి కంటి వెనక పొర తీసి
గాజు మీద పరుస్తాను.
రంగు తాగని వాటిలో నాళాలు చిట్లి
నెత్తురు కారిన మచ్చలు.
తాగిన వాటిలో కొంచెం తక్కువ.
ఆ కొంచెం కోసం
నా ఇరవయ్యేడో ఏడు మొత్తం ఖర్చయిపోయింది.

జబ్బంటే లోపల ఏమవుతుందని అడిగిందొకరోజు.
బంగాళాదుంప కోసి బల్ల మీద పెట్టాను.
మాటల్లో ఉండగానే ముక్క నల్లబడింది.
"ఇదే అత్తా. తీపెక్కిన నెత్తురు
నాళాల్ని ఇలా లోపల్నించి కమిలిస్తుంది.
కొండ మీది ఎండకి తాము కమలకుండా
మొక్కలు ఈ రంగు కట్టుకుంటాయి."
ముక్కని ముక్కుకి ఆనేంత దగ్గర పెట్టుకుని చూసింది.
ఈమధ్య అన్నిటినీ అలాగే చూస్తోంది.

మొన్న జూన్‌లో నిప్పుకణిక తొక్కింది.
ఎవరిదో ఉన్ని కాలుతోందనుకుందట.
వాసన ముదిరాక కిందికి చూస్తే
తన పాదమే.

"మరి నాకు పనిచేస్తుందా ఇది?"
ఎలుకలు ఇలాంటివి అడగవు.
"తెలీదు. మనుషుల సంగతి
గట్టిగా చెప్పేంత నా దగ్గర లేదు.
ఇన్సులిన్ మానకు.
గురువారం కంటి డాక్టరు దగ్గరికి వెళ్దాం."
సరేనన్నట్టు సూదీ దారం నా చేతికిచ్చింది,
ఎక్కించమని.

ఆదివారం కుండ నిండా చిచా కాచింది.
బెండులు, అనాస తొక్కలు, దాల్చినచెక్క, నాలుగు లవంగాలు.
పొంగు దిగాక
అలవాటుపడ్డ చెయ్యి చక్కెర డబ్బా మూత తీసింది.
కిలో పట్టే డబ్బా.
మా ఇంట్లో పెళ్లికైనా, దినానికైనా
కుండకి సగం డబ్బా లెక్క.
నేను చుక్కల్లో లెక్కపెట్టిన రంగు మీద
గుప్పెళ్లకొద్దీ తెలుపు.
నోరు తెరిచాను, మాట రాలేదు.

చెయ్యి దానంతటదే ఆగింది.
మూత పెట్టేసి, ఒక గుక్క తాగి
మొహం చిట్లించింది.
"బెండు నాకినట్టుంది."
ఇంకో గుక్క తాగింది.

మిగిలింది తెచ్చి ఉన్ని తొట్టిలో పోసింది.
చక్కెర పడితే పోగులు బంకసాగుతాయని
ఇన్నేళ్లూ దానికి వేరే కాచేదట.
మోచేతి దాకా ముంచి కలుపుతూ,
తనలో తను నవ్వుకుంటూ అంది:
"చూడవే, మంచిదంతా గొర్రె బొచ్చుకి పెట్టి
తీపిది మనం తాగాం."