రెండూ నలభై

కగ్గదాసపురలో మా అపార్ట్‌మెంటు మెట్ల మీద
రాత్రి రెండూ నలభైకి దెయ్యం దిగిందని
టీవీ ఎర్ర సున్నా చుట్టింది.
తెల్లగా, వణుకుతూ, కాళ్ళు లేకుండా.
పదకొండు సెకన్లు. పొద్దుటి నుంచీ
పిండిన గుడ్డనే పిండుతున్నారు.
పక్కనే, పోయినేడు పోయిన
మూడో అంతస్తు హేమలతమ్మ ఫొటో.

వాచ్‌మన్ ఓబులేసు స్టూలెక్కాడు.
కెమెరా కంటి ముందు
గోరంత సాలీడు; దాని పోగే
రాత్రి చీరకొంగయింది.
తువ్వాలుతో తుడవబోతే
విలేకరి చెయ్యి పట్టుకున్నాడు:
"ఆగన్నా, ఇంకో షాట్ ఉంది."

"దీనికేమైనా ఇస్తారా సార్?" అంటూ
సాలీడును అరచేతిలోకి దింపుకొని
కరివేపాకు కుండీలో వదిలాడు ఓబులేసు.

అంతా చూశాను నేను. నవ్వాను కూడా.
ఆ రాత్రి మాత్రం
ఒక్క అంతస్తుకి
లిఫ్టెక్కాను.