కేకు మీద చొక్కా

బెలేంలో వాన గడియారం చూసుకుని వస్తుంది.
మూడింటికి. కాస్త అటూ ఇటూ.
"వానకి ముందు కలుద్దాం", "వాన వెలిశాక కలుద్దాం"
అంటారిక్కడ.
నేను వానకి ముందు పుట్టానట, నాలుగున్నర కిలోలు.
మంత్రసాని తక్కెడ ముల్లు ఇంకా వణుకుతూనే ఉందని
ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతుంది అమ్మ.

నలభై మూడేళ్ళు.
నల్లచొక్కా, నల్లచొక్కా, ముదురు నీలం, మళ్ళీ నల్లచొక్కా.
భూమధ్యరేఖ పక్కింట్లో ఉన్న ఊళ్ళో
మణికట్టు దాకా గుడ్డ కప్పుకుని
బస్సు టికెట్ల కిటికీ వెనక ఉడికాను,
ఏడు రోజులు పొయ్యి దిగని కర్రపెండలం ఆకులా.

పసుపుపచ్చ లేసు బ్రాలెట్ ఒకటి కొన్నాను.
ఎందుకని అడక్కండి.
అంగడిలో బొమ్మకి తొడిగి ఉంది. అన్నం ఎరగని బొమ్మ.
"పెద్ద సైజు" అని చీటీ. ఎవరికి పెద్ద?
ఇంట్లో వేసుకుంటే కింది పట్టీ
చాపలా చుట్టుకుపోయింది పైకి.

ఇవొనేచి దగ్గరికి పట్టుకెళ్ళాను.
కుట్టుమిషను మీద పిల్లి, పిల్లి మీద టేపు.
టేపు లాగి నా చుట్టూ తిప్పింది.
అంకె బయటికి చెప్పలేదు,
సుద్దముక్కతో గోడమీద రాసుకుంది, అంతే.
"కింది పట్టీ నాలుగు వేళ్ళ వెడల్పుండాలి,
బరువు మొయ్యాల్సింది అది, భుజాలు కాదు.
భుజమ్మీది పట్టీ రెండు వేళ్ళు.
సన్నదైతే దారం జున్నుని కోసినట్టు కోస్తుంది.
స్కర్టు నడుం పైదాకా రానీ.
బొడ్డు దానిది, పైన బెత్తెడు నీది."
"బెత్తెడా?"
"సరే, మూడు వేళ్ళు. చొక్కా కూడా వేసుకో, గుండీలు పెట్టకు.
భయమేస్తే పట్టుకోడానికి అంచులుంటాయి."

ఆదివారం మా తమ్ముడి కూతురు జాసీరాకి పదిహేను నిండాయి.
విందు గ్వామా ఏరు దాటి, కొంబు లంకలో.
ఆకుపచ్చ స్కర్టు, పసుపు లేసు, తెరిచిన తెల్లచొక్కా,
ఒళ్ళో అట్టపెట్టెలో కుపువాసు కేకు.
పడవలో పన్నెండుమంది.
అమ్మ నన్నొకసారి చూసి ఏటికేసి తిరిగింది.
"లోబట్ట" అంది, ఏటితోనే.

నడి ఏట్లో వాన. రెండుంబావుకే!
పడవకి కప్పుంది గానీ జల్లు పక్కనించి కొడుతోంది,
అట్టపెట్టె మెత్తబడుతోంది.
ఆలోచించలేదు.
ఆలోచిస్తే నలభై మూడేళ్ళూ అడ్డొచ్చేవి.
చొక్కా విప్పి కేకు మీద కప్పేశాను,
చేతులు రెండూ కిందనించి తెచ్చి ముడేశాను,
పసిగుడ్డుకి పొత్తిళ్ళు చుట్టినట్టు.

ఆ తర్వాత తెలిసింది ఎలా ఉన్నానో.
భుజాలు, చంకల దగ్గర మడతలు,
చిన్నప్పటి టీకా మచ్చ (దాన్ని ఎండలో చూసి ఎన్నాళ్ళయింది),
పొట్టమీద ఆ మూడు వేళ్ళ మేర.
అన్నిటి మీదా వాన పడింది.
ఎంత చల్లగా అంటే
నవ్వొచ్చింది నాకు.

"కొంచెం ఎడమకి జరగండి" అన్నాడు పడవతను,
అందరితో అన్నట్టే.
ఎదురుగా బొద్దుపాటి అమ్మాయి, పద్దెనిమిదుంటాయేమో,
పొడుగుచేతుల నల్లచొక్కా,
నా పట్టీకేసే చూస్తోంది.
అడగదు. ఆ చూపు నాకు తెలుసు,
కిటికీ వెనకనించి ఏళ్ళతరబడి నేను చూసిందే.
"ఇవొనేచి," అన్నాను.
"సంత వెనక, చేపల మంచుగోదాం పక్క సందు. పిల్లి ఉంటుంది.
అంకె బయటికి చెప్పదు."

రేవులో అమ్మ చొక్కా ఎత్తి కేకు చూసింది.
పేరులో ఒక్క అక్షరం కరిగింది.
చొక్కా పిండి, దులిపి, నాకివ్వబోయి,
ఆగి,
తన చేతిమీదే వేసుకుంది.
"ఆరాక ఇస్తాలే."

వాన వెలిసింది. నిప్పుల్లాంటి ఎండ.
ఆరడానికి పది నిమిషాలు చాలు.
రాత్రి దాకా నేనూ అడగలేదు,
ఆవిడా ఇవ్వలేదు.