ఎనిమిది తర్వాత ఒకటి

మ్వాంజాలో, కిరుంబా చేపల రేవు దగ్గర
నేను కాటాలు బాగుచేస్తాను.
తెల్లారకముందే వస్తాను.
సరుకు దిగిందంటే నా సుత్తి చప్పుడు నాకే వినపడదు.

ఈమధ్య నాకంటే ముందే ఆడవాళ్ళు వస్తున్నారు.
ఎండుచేపల బస్తాలు ఒక వారకి నెట్టి
తడి సిమెంటు మీద వరసలు కట్టి
చేతులు పైకెత్తుతున్నారు.
మొదటిరోజు రేవు రేవంతా నవ్వింది.
"పొద్దస్తమానం బస్తాలు మోసేదానికి
మళ్ళీ కసరత్తు ఒకటా?" అంది మిన్జా,
అందరికంటే గట్టిగా.

నేర్పేది న్యాంజోబె.
ఒకప్పుడు ఆసుపత్రిలో బీపీ పట్టీలు చుట్టిన చెయ్యి,
ఇప్పుడు ఉల్లిపాయలు తూస్తుంది.
వాదించలేదు. ఒక్కటే అడిగింది:
"వంగుతావు సరే, చెయ్యి పైకి చాచి ఎన్నాళ్ళయింది?"
మిన్జా ఆలోచనలో పడింది.
ఆమె సరుకంతా నేలమీదే ఉంటుంది.

క్వాండు మాత్రం వరసలోకి రాలేదు.
అప్పుతెచ్చి కొన్న దగా, ఆ చిట్టిచేప,
ఇసుకమీద ఆరేసింది ఆరేసినట్టే
మార్చి వానకి కుళ్ళిపోయింది.
అప్పట్నించి బోర్లించిన తట్టమీద కూర్చుని
వేళ్ళు మడుస్తుంటుంది:
అసలు, వడ్డీ, వడ్డీ మీద వడ్డీ.
నిద్రలోనూ మడుస్తుందట, కూతురు చెప్పింది.

ముల్లు సున్నాకి రాని కాటాలు నా దగ్గరికి చాలా వస్తాయి.
ఖాళీ పళ్ళెంతోనే రెండు కిలోలు చూపిస్తాయి.
స్ప్రింగు తెగదు, అలిసిపోతుంది, అంతే.
బరువు దించారని దానికి తెలీదు.

మొన్న న్యాంజోబెకి దగ్గుతో గొంతు పోయింది.
"లెక్క నువ్వు పెట్టు, నీకు బాగా అలవాటేగా"
అని క్వాండుకి అప్పజెప్పింది.
మోజా, అంది క్వాండు, అప్పులవాడికి జవాబిచ్చినట్టు.
మ్బిలి. తాతు. చేతులు లేచాయి.
నానె దాకా వచ్చింది, ఎనిమిది.
తొమ్మిదికి వేలు మడవబోయింది.
"కాదు కాదు, మళ్ళీ ఒకటి" అన్నారు వరసలోంచి.
"మరి ఆ ఎనిమిదీ?"
"అవి అయిపోయాయి."

చిల్లర ఎక్కువిచ్చిన కొత్తబేరాన్ని చూసినట్టు
వాళ్ళ వంక కాసేపు చూసింది.
మళ్ళీ మోజా అంది.

అప్పు తీరలేదు. వడ్డీవాడు శనివారం వచ్చాడు, మామూలే.
మిన్జాకి భుజం నొప్పి ఒకరోజు తగ్గిందంటుంది, ఒకరోజు లేదంటుంది.
క్వాండు ఇంకా తట్టమీదే,
లెక్క మాత్రం ఆమెదే.
నేనిక్కడ పాత కాటా ఒళ్ళో పెట్టుకుని
ఆమె గొంతుతో పాటు, ఊరికే,
స్ప్రింగుని ఎనిమిదిసార్లు గుంజి వదులుతుంటాను.
ముల్లు సున్నాకి రెండు గీతలు ఇవతల ఆగింది.
ఇంకోసారి.