ఏ రాయైతేనేం

మకస్సర్‌లో, పావొతెరె రేవుకి పోయే దారిలో
ఎర్రటి పెదాల మధ్య విచ్చుకున్న తెల్లటి పలువరస,
అది నా బోర్డు.
ఆ నవ్వు మా నాన్న గీశాడు.
వానలకి పెదాలు వెలిసిపోయాయి,
పళ్ళు మాత్రం ఇంకా ఎవర్నో చూసి నవ్వుతూనే ఉన్నాయి.

కట్టుడు పళ్ళు నాకు బాగా వచ్చు.
బోసినోటి చేపల వర్తకులు
మళ్ళీ మొక్కజొన్న పొత్తు కొరికారంటే
అది నా చేతి చలవే.
దానికి ఎవరికీ సంజాయిషీ ఇవ్వను.

ఇవ్వాల్సింది క్లిప్పులకి.

అదొక మోజు అప్పట్లో.
పళ్ళు తిన్నగా ఉన్నవాళ్ళు కూడా వచ్చి
రంగు రబ్బర్ల కోసం నోళ్ళు తెరిచేవారు.
పక్కసందు సుహర్ని మొదటి జీతంతో వచ్చింది.
అరగంట పని.
జిగురు, తీగ, ఆకుపచ్చ రింగులు.
ఎక్స్‌రే అడగలేదు నేను.
అడిగినా చదవడం రాదు.

పదకొండు నెలలకి
ముందు పన్ను వదులైన మేకులా కదిలింది.
తిట్టలేదు నన్ను.
చేప ధర అడిగినట్టు అడిగింది:
"దాయెంగ్, దీన్ని మళ్ళీ అంటించగలవా?"

పళ్ళూడగొట్టుకోడానికి ఏ రాయైతేనేం అంటారు.
పదేళ్ళు
ఆ రాయిని నేనే.

తర్వాత మా రోస్మికి పన్నెండు నిండాయి.
దాని కోరపన్ను కిందచోటు దొరక్క
గోడెక్కి కూర్చుంది.
"నాకూ నీ క్లిప్పులే పెట్టు నాన్నా."
పటకారు మీద చెయ్యి వేశాను.
చెయ్యి లేవలేదు.

మొదట వెళ్ళిన చోట అద్దాల తలుపులు,
ఇద్దరొస్తే ఒకరికి సగం ధర.
పిల్ల నోరు చూడకుండానే లెక్క చెప్పాడు.
వెంటనే గుర్తుపట్టాను:
ఏసీ పెట్టుకున్న నేనే.

రెండోచోట డాక్టర్ తండిలోలో.
గోడ మీద దంతవైద్యం పట్టా, దాని పక్కన ఇంకోటి,
పళ్ళని కదిలించడం ఒక్కటే నేర్చిన మూడేళ్ళది.
అడుగున చిన్న అక్షరాల్లో రిజిస్ట్రేషన్ నంబరు.
అరచేతిలో రాసుకుని ఇంటికొచ్చి
మేనల్లుడి చేత సరిచూయించాను.
దొంగకి తాళాల మీదే అనుమానం కదా.

ఆవిడ పలువరసకి అచ్చు తీసింది,
పక్కనుంచి ఎక్స్‌రే తీయించింది,
పాలపళ్ళు ఎప్పుడూడాయో అడిగింది.
రెండోవారం దాకా ధర మాటే ఎత్తలేదు.

"రెండేళ్ళు. ఇంకాస్త పట్టొచ్చు.
తీగ లాగితే పన్ను రాదు.
ఒకవైపు ఎముక కరిగి, ఇంకోవైపు పుట్టి
దారిస్తే వస్తుంది.
తొందరపెడితే వేరు అరిగిపోతుంది.
క్లిప్పులు తీసేశాక కూడా రాత్రిళ్ళు పట్టీ పెట్టుకోవాలి.
పళ్ళు పాత చోటు మరిచిపోవు."

మా అన్న పడవలు కడతాడు.
పలకకి సెగ చూపించి, నీళ్ళు చల్లి,
రోజులకి రోజులు బుజ్జగిస్తాడు.
ఒక్కపూటలో వంచిన పలక నడిసముద్రంలో పగులుతుందని
వందసార్లు చెప్పుంటాడు.
పడవల సంగతి అనుకున్నాను.

"మీరేం చేస్తుంటారు?" అందావిడ, కాగితం నింపుతూ.
"కట్టుడు పళ్ళు."
రోస్మి నా వైపు చూసింది.
"క్లిప్పులు కూడా," అన్నాను.

పెన్ను ఆగింది.
గోడ గడియారం ఇంత చప్పుడు చేస్తుందని
అప్పుడే తెలిసింది.
"ఎవరికైనా చెడిందా?"
చెప్పాను.
"తీసుకురండి."

బోర్డు మీద "క్లిప్పులు వేయబడును" అన్న వరుస గీకేశాను.
సున్నం కింద నుంచి ఇంకా కనిపిస్తోంది.

ఇప్పుడు నెలకో గురువారం
ఒకే బెంచీ మీద ఇద్దరాడపిల్లలు.
రెండు వాయిదాలూ నావే.
సుహర్ని పన్ను నిలుస్తుందని డాక్టరు మాటివ్వలేదు.
మాటివ్వకపోవడం చూసే నాకు నమ్మకం కలిగింది.
ఊడితే ఆ ఒక్కటీ నేను చేసిపెడతాను,
అది నాకొచ్చిన పని.

నర్సు రబ్బరు రింగుల పెట్టె తెరిచింది.
సుహర్ని చేతులు ఒళ్ళోంచి తియ్యలేదు.
రోస్మి కాసేపు వెతికి
దాని ముందు
ఆకుపచ్చది పెట్టింది.