పన్నెండున్నర

మొదటిసారి వెనక్కి పంపేశారు.
వేలి కొస పొడిచి, బొట్టు తీసి, చిన్న మిషన్లో చూసి
"పదకొండు పాయింట్ ఆరండీ" అంది సిస్టర్ శాంతకుమారి,
తప్పిన పిల్లకి మార్కులు చెప్పినంత మెల్లగా.

నేను డ్రిల్లు టీచర్ని.
కృష్ణలంక మున్సిపల్ స్కూల్లో పదహారేళ్లుగా ఈల నాది.
తెల్లారకముందే బ్యారేజీ మీద
ఈ ఒడ్డు నుంచి సీతానగరం దాకా, మళ్లీ వెనక్కి.
నాకా తక్కువ?
"పరిగెత్తేవాళ్లకీ ఉంటుందండీ. పన్నెండున్నర రావాలి."

బ్యారేజీకి పన్నెండడుగులుంటే నిండినట్టు.
నాకింకో అర కావాలట.

ఆ రెండు నెలలూ ఇంట్లో మునగాకు వాసనే.
తోటకూర మీద నిమ్మకాయ పిండాను.
నువ్వులూ నల్లబెల్లం దంచి ఉండలు చుట్టి
బ్యాగులో ఈల పక్కన పెట్టుకున్నాను.
ఆదివారాలు కార్జం వేపుడు.
అన్నింటికన్నా కష్టం,
అన్నం తినగానే తాగే టీ మానడం.
దాని బదులు గంటసేపు గడియారం ముల్లు తాగాను.
"రక్తం ఎవరికో, మునగాకు నాకూనా" అని గొణుగుతూనే
జోజిబాబు కొమ్మ వంచి పట్టుకున్నాడు.

రెండోసారి పన్నెండు పాయింట్ తొమ్మిది.
ఎవరూ చూడకుండా పిడికిలి బిగించాను.
ఆ పొద్దున పరుగు లేదు.
నాలుగిడ్లీలు, రెండు చెంబుల నీళ్లు.
సూది దిగేప్పుడు ఫ్యాను రెక్కలు లెక్కపెట్టాను:
మూడు.
మళ్లీ లెక్కపెట్టాను.
పక్కనే చిన్న తొట్టిలో సంచీ ఊగుతోంది,
చంటిదాన్ని పడుకోబెట్టినట్టు.
మూడొందల యాభై. ఎనిమిది నిమిషాలు.
ఎనిమిది నిమిషాల్లో నేను డెబ్భై గేట్లూ దాటేస్తాను.

బిస్కెట్లు, బత్తాయి రసం, మోచేతి మడతలో దూది.
"రెండ్రోజులు పరుగొద్దు, ఆ చేత్తో బరువెత్తొద్దు.
నీళ్లు తొందరగా పూడుకుంటాయి.
ఎర్రకణాలకి నెలపైనే పడుతుంది."
వరద రాత్రికి రాత్రే వస్తుంది, ఒండ్రు అలా రాదు.
లంకలో పుట్టినదాన్ని, నాకు తెలీదా.

తెలీదు.
మూడో రోజు ఇరవై రెండో గేటు దగ్గర
ఊపిరి నా చెయ్యి వదిలేసింది.
రాత్రికి రాత్రి ఎవరో గేట్లు పెంచారు.
రిటైరైన గార్డు మస్తాన్‌వలి గారు,
ఎప్పుడూ నాకు పది గేట్లు వెనకుండే మనిషి,
కాన్వాసు బూట్లు టపటపలాడించుకుంటూ ముందుకెళ్లి
"ఏమ్మా, పంక్చరా?" అన్నాడు.
చెబితే మెచ్చుకుంటాడు. చెప్పలేదు.
రెయిలింగు పట్టుకుని నిలబడ్డాను.
ఈపాటికి ఏ మంచం పక్కనో వేలాడుతుంటుంది నా వేగం,
చుక్కా చుక్కా, ఏ తొందరా లేకుండా.

సోమవారం గ్రౌండులో
పిల్లలు రౌండ్లు కొడుతున్నారు.
అందరికన్నా వెనక హంసవేణి, ఎప్పట్లాగే.
"కాళ్లు కదపవే బద్ధకంగా" అనబోయి
ఈల నోట్లోనే ఆగింది.
ఆ ఊపిరి నాకు తెలుసు.
నోరు తెరిచి, భుజాలెగరేసి, ఒక చెయ్యి పక్కటెముక మీద.
ఇరవై రెండో గేటు దగ్గరి ఊపిరి.
రెండేళ్లుగా ఆ పిల్లని ఎన్నిసార్లు తిట్టానో.

పిలిచి కింది కన్రెప్ప లాగి చూశాను.
సున్నం కొట్టిన గోడ.

శాంతకుమారి ఈసారి ఇంకా మెల్లగా చెప్పింది:
"ఎనిమిది పాయింట్ నాలుగు."
డాక్టరు మాత్రలు రాశాడు.

నా పరుగు నాకు పూర్తిగా రావడానికి ఐదు వారాలు పట్టింది.
మస్తాన్‌వలి గారు మళ్లీ పది గేట్లు వెనక.
దానికి పెద్ద సంతోషమేమీ కలగలేదు.

రెండో పీరియడ్లో హంసవేణి పరిగెత్తదు.
గోడ నీడన కూచుని టైము రాస్తుంది.
పక్కన కూచుని నువ్వులుండ తుంచి సగమిచ్చాను.
"అన్నం తిన్నాక టీ తాగుతావా?"
తాగుతుందట,
రెండు గ్లాసులు.