ఎర్క

బొగ్గుబాయిల కర్రదిమ్మె ఇరిగే ముందు
చిన్నగ అంటది: టప్.
ఆ సప్పుడుకు ఉరికినోళ్లం నలుగురం.
ఓదెలు సద్దిగిన్నె కోసం ఎనుకకు తిరిగిండు.

పందొమ్మిదేండ్ల కిందటి ముచ్చట.
బాయి మూసిన్రు. పింఛను వస్తుంది.
గోదావరిఖనిల మా రేకుల ఇంటి మీద
ఎండ తప్ప ఇంకేం పడదు.

అయినా మనుమరాలు పల్లికాయ ఒలిస్తే, టప్,
నా ఎడమకాలు అప్పటికే గడప దాటి ఉంటది.
నేనింకా పీట మీదనే.
"ఏమైంది తాతా?"
ఏమైందో నాకూ ఎన్కనే తెలుస్తది.

హన్మకొండ దవఖానల డాక్టరమ్మ
రెండు వేళ్లకు తీగెలు చుట్టి
తెర మీద గీత చూపెట్టింది.
సప్పుడు వచ్చింది. గీత లేచింది.
తర్వాత నేను అమ్మో అన్న.
"చూశారా, చెమట ముందు, మీరు వెనక" అని నవ్వింది.
"అది ఉత్త సప్పుడే అని మీకు తెలుసు కదా?"
ఎర్కే.
"మరి చేతులకు?"

చేతులకు ఎన్నిసార్లు చెప్పిన,
పండుకునేటప్పుడు, పసిపోరలకు చెప్పినట్టు:
బాయి మూసిన్రు బిడ్డా, పల్లికాయ గది, గంతే.
ఇన్నట్టే ఉంటయి.

ఒక్కటి మాత్రం ఆమెకు చెప్పలే.
ఆ టప్ ఏందో ఓదెలుకు మా అందరికంటె మంచిగ ఎర్క.
ఇన్నడు, గుర్తువట్టిండు,
గిన్నెకెంతసేపు పడతదో లెక్కేసిండు.
నా కాలు లెక్కెయ్యలే.

ఇప్పుడు పిల్ల సప్పుడు రాకుండ
పల్లికాయలు తువ్వాల్ల చుట్టి ఒలుస్తది.
పాపం, నా కోసమే.
నిన్నటి సంది
తీగె మీద ఆరేసిన ఆ తువ్వాలను చూసినా
అరచేతులు తడుస్తున్నయి.