మైక్ టెస్టింగ్

మంగళవారం నాలుగింటికి సెమినారంటే
రెండింటికే నా పని షురూ.
నూటిరవై కుర్చీలు వేస్తా. నిండేటివి ముప్పై.
ముందు వరుసకు తెల్లని తొడుగులు,
అందుల కూసునేటోళ్లు ఆఖర్ల వస్తరు, ముందుగాల లేస్తరు.

సోహార్ల ఈ కాలేజీకి సముద్రం రెండు గల్లీల అవతల.
ఏసీ వేస్తే అద్దాలకు బయటి నుంచి చెమట పడుతది.
కుంజుమోన్ ఖర్జూరాలు లెక్కపెట్టి పెడతడు,
కావా కూజాలు మూడు,
సమోసాలు మనిషికి రెండు. మిగిలితే మావి.
అందుకే మా ఇద్దరికీ గొప్ప సెమినారంటే
ఎవ్వరూ రాని సెమినారు.

ఆఖరి పని మైకు.
వేలితోని కొట్టి చూస్తా, ఆ తర్వాత
ఒకటి, రెండు, మూడు.
హలో అనను, చెక్ అనను.
పదకొండేండ్ల కింద మొదటిరోజు నోటికొచ్చింది అదే,
అదే నడుస్తున్నది.

పోయిన వారం ముచ్చట: బాతినా తీరం బావులల్ల ఉప్పు.
డాక్టర్ జువైనా తెర మీద చూపించింది,
నీలం తియ్యనీళ్లు, ఎరుపు సముద్రం,
ఏడాదికేడాది ఎరుపు లోపలికి వస్తున్నది
చెప్పులు విడవని చుట్టం లెక్క.

నాకు గ్రాఫు తెల్వదు. బావి తెలుసు.
జగిత్యాల దిక్కు నాలుగేండ్లు బోరుబండి మీద చేసినోన్ని.
రెండొందల ఫీట్లకు దుమ్ము,
నాలుగొందలకు దుమ్ము,
ఇంకో యాభై పొమ్మని రైతు
మా మొకాలు చూడకుంట చెప్పెటోడు.

ప్రశ్నల టైముకు చెయ్యి లేసిన కాడికల్లా ఉరుకుత.
చానామంది అడగరు, చెప్తరు:
మేము జపాన్ల ఉన్నప్పుడు,
మా పేపర్ల ఇదివరకే రాసినట్టు...

ఆఖరి వరుసల ఒక ముసలాయన లేచిండు.
ఖల్ఫాన్ అల్ మఖ్బాలి. దిష్‌దాషా అంచుకు తోటమన్ను.
మైకు ఆయన చేతుల పెట్టి నా బల్ల కాడికొచ్చిన.
ఇక్కడికొచ్చిన కొత్తల తోటలల్లనే పని,
అరబ్బీ నాకు మట్టితోపాటు అంటుకున్నది.

"మీ గీత రెండువేల పద్నాలుగుల ఎర్రగైంది, బిడ్డా.
నా బావి అంతకు ఆరేండ్ల ముందుగాలనే.
మా మర్యం పెండ్లినాడు.
ఆ నీళ్లతోని కావా కాసినం.
చుట్టాలు తాగి ఏమనలేదు, మర్యాద తెలిసినోళ్లు.
నా భార్య ఒక్కతే తాగి నా మొకం చూసింది."

డీన్ గడియారం చూసిండు. నన్ను చూసిండు.
వేలు గొంతు మీద అడ్డంగ గీసిండు.
మైకు బంద్ చెయ్యమని.

పన్నెండు గుండీలల్ల నాలుగోది.
కండ్లు మూసుకున్నా దొరుకుతది.
అయినా వెతికిన.
వంగి చూసిన, వైరు గుంజి చూసిన,
నిన్ననే కొలువుల చేరినోని లెక్క.
ముసలాయన చెప్పుకుంటనే ఉన్నడు,
మొదలు ఎండిన నిమ్మచెట్టు ఏ మూలది,
ఆకు అంచు ఎట్ల మాడింది,
ఏ నెలల కోడిపిల్లలు
ఆ నీళ్లకు మూతి పెట్టుడు మానినయి.

జువైనా మేడమ్ తెర విడిచిపెట్టి
ఆయన దిక్కు తిరిగి రాసుకున్నది.
సమోసాలు చల్లారినయి. ఒక్కటి మిగల్లేదు.

తెల్లారి నాకు మెమో వచ్చింది,
మిక్సర్ వాడుట నేర్చుకొనుటకు
ఒకరోజు ట్రైనింగ్ పొమ్మని. పోయిన.

బేస్తవారం మేడమ్ దగ్గర చదివే పిల్ల వచ్చింది, చెవులల్ల వైర్లు.
ముసలాయన మాటలు రికార్డింగుల నుంచి ఎక్కించుకుంటున్నదట.
"ప్రతి దాంట్ల మొదలు ఒక గొంతు ఉన్నది.
లైబ్రరీల ఎంత పాతది తీసినా ఉన్నది.
నీదేనా? ఏమంటున్నది?"
ఏం లేదమ్మా, అవి అంకెలు, అన్న.

మళ్లీ చెప్పమన్నది.
మొదటి నుంచి రాయాలె, ఏదీ విడువొద్దన్నరట.
చెప్పిన. అరబ్బీ అక్షరాలల్ల రాసుకున్నది,
కుడి అంచుకు ఒకటి,
ఎడమకు పోంగ పోంగ మూడు.
దాని కింది గీతల
ఖల్ఫాన్ బావి మొదలైంది.